నిచ్చెన తీసిన గంట

నిచ్చెన నేలమీద వాలిన చప్పుడు వినిపించింది. తరవాత పరంజా కట్టే మజీద్ చెప్పుల చప్పుడు గేటుదాకా వెళ్ళింది. ఆ తరవాత ఏమీ లేదు. శుక్రవారం మధ్యాహ్నం, పనివాళ్ళు అన్నాలకి వెళ్ళారు, పిల్లలకి సెలవు, మజీద్ జుమ్మా నమాజుకి వెళ్ళాడు. కొత్తగా కడుతున్న మా పాఠశాల మేడ ముందు, ఇరవై అయిదడుగుల ఎత్తున, పరంజాకి పరిచిన రెండు మామిడి చెక్కల మీద నేను కూర్చున్నాను. నా నడుముకి కొబ్బరి తాడు ఉంది. దాని రెండో కొస వెనక బాదుకి, పరంజా నిలువు గుంజకి, కట్టి ఉంది. ఆ ముడి నాకు కనిపించదు, చేతికి అందదు. మజీద్ కట్టాడు. "దిగిపోండి మాస్టారూ, నమాజు నుంచి వచ్చాక మళ్ళీ ఎక్కుదురుగాని," అన్నాడు ముందు. అక్షరాలు చూడాలి, మధ్యాహ్నం సిమెంటు పెడతారట, అన్నాను. అది నిజమే, కాని సగం నిజం. అతను కాసేపు ఆలోచించి తాడు తెచ్చాడు. "అయితే కూర్చునే చూడండి. లేవకండి. నిచ్చెన మాత్రం పడుకోబెట్టి వెళ్తానండి. నేను లేనప్పుడు నిచ్చెన నిలబడి ఉండకూడదు, ఎవడో ఒకడు ఎక్కుతాడు." ఎవడో ఒకడు అన్నప్పుడు అతను నా ముఖంలోకి చూడలేదు. నేనూ చూడలేదు. మిగిలిన సగం నిజం ఏమిటంటే, పద్నాలుగు నెలలుగా అతనికి నేను చెప్పవలసిన మాట ఒకటుంది. దిగే దారి లేని చోట కూర్చుంటే, అతను తిరిగి వచ్చి నిచ్చెన వేసేటప్పటికైనా ఆ మాట నోటికి వస్తుందేమోనని ఉండిపోయాను.

అక్షరాలు చూడటం అయిదు నిమిషాల పని. గోడ మీద బొగ్గుతో గీశారు, ఒక్కొక్కటి ఏడేళ్ళ పిల్లవాడంత ఉంది. ఇంత దగ్గరగా కూర్చుంటే అవి అక్షరాల్లా లేవు. ఒక వంపు, ఒక గీత, పక్కన ఇంకొక వంపు. పాఠశాల పేరు చదవాలంటే నేలమీదకి దిగి నాలుగడుగులు వెనక్కి నడవాలి. ఇరవై ఏళ్ళుగా పిల్లల చేత అక్షరాలు దిద్దించినవాణ్ణి, గోడకి ఇంత దగ్గరగా వచ్చి ఏమీ చదవలేకపోయాను. మాఘమాసపు ఎండ వీపు మీద దుప్పటిలా ఉంది. సముద్రం వైపు నుంచి గాలి వస్తోంది. సముద్రం ఇక్కడికి కనిపించదు. సర్వి తోటల నల్లటి గీత, దానిపైన ఆకాశం కాస్త తెల్లగా, అంతే. ఆ తెలుపు కింద నీళ్ళు ఉన్నాయని తెలుసు కాబట్టి చూసినట్టే ఉంటుంది. తాటాకు కప్పులు, పెంకుటిళ్ళు, దండెం మీద ఆరేసిన చీర ఒకటి ఎగిరి మళ్ళీ వాలుతోంది. గాలి వచ్చినప్పుడల్లా పరంజా చిన్నగా మూలుగుతుంది, నిద్రలో ఒత్తిగిల్లిన మనిషిలా. మొదట భయం వేసింది. తరవాత ఆ మూలుగు నా ఊపిరితో కలిసిపోయింది. "కదలని పరంజాని నమ్మకండి మాస్టారూ," అన్నాడు మజీద్ ఉదయం, "బిగుసుకుపోయిందంటే ఎక్కడో విరగబోతోందని. ఇది ఇంతింత ఊగాలి. పడవలా."

పడవ అన్నాడు. మా దివిసీమవాళ్ళకి పడవ తరవాతే బండి. కృష్ణ దాటి రావడం, కృష్ణ దాటి పోవడం. లంకభూమిలో మా నాన్న కౌలుకి జొన్న వేసినప్పుడు పిట్టలు తోలడానికి మంచె కట్టేవాడు, నాలుగు తాటి గుంజలు, పైన తడక. నాకు పదమూడేళ్ళు, మా తమ్ముడు ప్రకాశానికి రెండు. మా అమ్మ వాణ్ణి నాతోపాటు మంచె ఎక్కించి, తన పాత చీర చించి ఒక కొస వాడి నడుముకీ ఒక కొస గుంజకీ కట్టి కలుపుకి దిగేది. వాడు ఆ తాడు పొడవునా పాకేవాడు. అంచుదాకా పాకి, తాడు బిగిసి ఆగిపోయి, కిందకి చూసి నవ్వేవాడు. అది ఆటనుకునేవాడు. నేను పిట్టల్ని తోలుతూ చదువుకునేవాణ్ణి. వడిసెల ఒక చేతిలో, మిషను బడి పుస్తకం ఒక చేతిలో. మధ్యాహ్నం అయ్యేసరికి వాడు నా తొడ మీద నిద్రపోయేవాడు, నోరు తెరుచుకుని, చెంప మీద జొన్న పుప్పొడి. కింద కంకులన్నీ గాలికి ఒకేసారి వంగి ఒకేసారి లేచేవి. మంచె కాక చేనే కదులుతున్నట్టు ఉండేది. మేమిద్దరం ఎక్కడికో పోతున్నట్టు ఉండేది. ఇప్పుడు కూడా అలాగే ఉంది. కింద బందరు మెల్లగా వెనక్కి పోతోంది, నేను నడుముకి తాడుతో ముందుకి పోతున్నాను. తాడు కట్టినవాడు మజీద్.

ప్రకాశానికి చదువు రాలేదు. నేను చెబితేనే రాలేదు, ఇంకెవరు చెబితే వస్తుంది. బందరు తీసుకొచ్చి నా దగ్గర పెట్టుకున్నాక తాపీ పనిలో కుదిరాడు. గోడ కట్టడం కన్నా వెల్ల వేయడం వాడికి ఇష్టం. ఎంత ఎత్తయినా ఎక్కేవాడు. "ప్రకాశరావుకి కాళ్ళు కావు, బల్లి పాదాలు," అనేవాడు మజీద్. ఇద్దరూ బావా బావా అనుకునేవారు. మజీద్ వాడికన్నా పదిహేనేళ్ళు పెద్ద. ఊళ్ళో ఎత్తయిన కట్టడం ఏది లేచినా, ఏ గోపురానికి వెల్ల పడినా, పరంజా మజీద్ కట్టవలసిందే. తాడు మెత్తబడి ముడి బాగా పడుతుందని ముందురోజే నానబెట్టి తడితడిగా కట్టేవాడు. ఎండకి తాడు ఆరి ముడి వదులవుతుందని పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి, ముడి ముడికీ చెయ్యి వేసి చూసుకుంటూ పైదాకా ఎక్కేవాడు. చెక్క కొస బాదు దాటి జానెడు కన్నా బయటికి ఉంటే ఊరుకునేవాడు కాదు. "జానెడు దాటితే అది చెక్క కాదు, తక్కెడ. నువ్వు ఇటు నిలబడితే అటు లేస్తది," అని కూలీలకి చెప్పేవాడు. ప్రకాశం ఇంటికొచ్చి ఇవన్నీ తన భార్య హన్నాకి పాఠాల్లా ఒప్పజెప్పేవాడు. మా ఇంట్లో నేను చెప్పిన పాఠాలు ఒప్పజెప్పినవాళ్ళు లేరు.

పని పూర్తికాని పరంజాని వదిలి వెళ్ళేటప్పుడు మజీద్ చేసే పని ఒకటుంది. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నదట. నిచ్చెన మూడో మెట్టుకి నల్లగుడ్డ కడతాడు. పాత గొడుగు గుడ్డ ముక్క. గాలికి ఎగిరి మెట్టుకి చుట్టుకుపోకుండా, వేలాడుతూ ఎదురుగా కనపడాలని, అందులో ఒక చిన్న రాయి పెట్టి మూట కడతాడు. గుడ్డ ఉంటే ఎక్కకూడదు. పొద్దున అతను వచ్చి మిగిలిన పని పూర్తిచేసి గుడ్డ విప్పితే ఎక్కవచ్చు. అతనితో పనిచేసే ప్రతివాడికీ అది తెలుసు. అక్షరం రానివాళ్ళకి కూడా తెలుసు. ఊళ్ళో అది తెలియనివాడు ఒక్కడుండేవాడు. వాడు బడిపంతులు.

ఇది చెప్పడం సులువుగానే ఉంది, ఇక్కడ, ఎవరూ లేనిచోట. ఆ ఆదివారం పొద్దున నేను చర్చి తలుపులు తెరవడానికి వెళ్ళాను. క్రిస్మస్ ఇంక వారం. గోపురానికి వెల్ల వేయడానికి శనివారం సాయంత్రందాకా మజీద్ పరంజా కట్టాడు. పై అంతస్తు చెక్కలు పరిచాడు కానీ తాడు చాలక కట్టలేదని తరవాత తెలిసింది. మంచు ఇంకా ఉంది. నిచ్చెన దగ్గరికి రాగానే గుడ్డ కనిపించింది. నల్లగుడ్డ, లోపల ఏదో పెట్టి ముడివేసిన మూట, దేవుని మందిరం వాకిట్లో వేలాడుతోంది. దిష్టికి కట్టారనుకున్నాను. ఎవరో కూలీ కట్టి ఉంటాడనుకున్నాను. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మిషను బడి పంతులుగారు నా మొలతాడు కత్తెరతో కోసి, "ఇక నీకు భయం లేదు," అన్నారు. ఆ రోజు నేను ఎంత తేలికగా నడిచానో ఇప్పటికీ గుర్తు. ఆ తేలికదనమే నా విశ్వాసం అనుకున్నాను. ఎవరి చేతికి దారం కనపడినా, ఏ గుమ్మానికి నిమ్మకాయ కనపడినా, నాలో ఆ కత్తెర కదిలేది. ఆ వారమే అయిదో తరగతిలో మూఢనమ్మకాల పాఠం చెప్పాను. పిల్లలు ఆరాధనకి వస్తారు, మాస్టారు చెప్పింది ఒకటి, గుడి ముందర వేలాడేది ఒకటి అనుకుంటారు. విప్పబోతే ముడి రాలేదు. రెండు ముళ్ళు, తడిసి బిగిశాయి. జేబులో పెన్సిళ్ళు చెక్కే చాకు ఉంది. కోసి, మూటని వెనక మురుగు కాలవలో పడేసి, చేతులు కడుక్కుని, గంట కొట్టాను. మనసు తేలికగా ఉంది. అది కూడా గుర్తే.

ఆరాధన అయ్యాక నక్షత్రం కట్టాలన్నారు ఆడవాళ్ళు. వెదురు బద్దలకి ఎర్రకాగితం అంటించి హన్నా చేసింది. నాకన్నా పొడుగ్గా ఉంది. ప్రకాశం ఆదివారం బట్టల్లోనే ఉన్నాడు, పంచె ఎగగట్టాడు. నిచ్చెన దగ్గర ఆగి మూడో మెట్టు మీద చెయ్యి వేశాడు. అటూ ఇటూ తడిమాడు. వాడు దేనికోసం తడిమాడో అప్పుడు నాకు తెలియదు. "మజీద్ బావ పొద్దున్నే వచ్చి పూర్తిచేసి పోయాడన్నమాట. ఆదివారం కూడా వదల్లేదు, మన ఆరాధన వినిపోయాడేమో," అని నవ్వి ఎక్కాడు. పై చెక్క మీద నిలబడి, తాడు వదిలి, "అన్నయ్యా, నక్షత్రం కొసకి కట్టు, లాగుతాను," అన్నాడు. నేను ముడి వేస్తున్నాను. ముడి వేయడం నాకు సరిగా రాదు, ఆలస్యమైంది. వాడు నన్ను చూడటానికి చెక్క చివరకి వచ్చి వంగాడు. చెక్క రెండో కొస లేచింది. ఇంతకన్నా నేను చెప్పను. నక్షత్రం నా చేతుల్లోనే ఉంది, కాగితం ఎక్కడా చిరగలేదు.

ఆసుపత్రి వరండాలో మజీద్ పరుగెత్తుకొచ్చాడు, ఒక కాలికే చెప్పు ఉంది. "గుడ్డ కట్టానండి. మూడో మెట్టుకి గుడ్డ కట్టానండి. గుడ్డ ఉంటే మా బావ ఎక్కనే ఎక్కడండి," అని వచ్చిన ప్రతివాడి చెయ్యీ పట్టుకుని చెప్పాడు. నా చెయ్యీ పట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు, ఆ మూట ఏమిటో. తాపీ పనివాళ్ళలో ఒకడు, "లేదు మావా, మేం చూశాం గదా, నిచ్చెనకి ఏమీ లేదు," అన్నాడు. మజీద్ నా వైపు తిరిగాడు. నేను పెద్దవాణ్ణి, చదువుకున్నవాణ్ణి, పొద్దున అందరికన్నా ముందు తలుపు తెరిచినవాణ్ణి. "మీరు చూశారా మాస్టారూ?" అన్నాడు. నేను తల వంచుకున్నాను. లేదు అనలేదు. ఆ మాట అనలేదని చాలా రోజులు ఆధారంగా పట్టుకున్నాను. తల వంచుకోవడం అబద్ధం కాదని, దుఃఖంలో ఉన్నవాడు తల వంచుకుంటాడని. కాని వరండాలో అందరూ దాన్ని లేదు అనే చదివారు. మజీద్ కూడా అలాగే చదివాడు.

గాలి ఆగింది. గాలి ఆగితే పరంజా మూలుగు కూడా ఆగింది, తాడు తడి ఆరుతున్న వాసన వస్తోంది, చెరువులో నానిన పీచు వాసన. ఎక్కడో దూరంగా రైలు కూత. పెడన వైపు పోయేదే అయి ఉంటుంది. ఆ తరవాత ఏడాది పాటు మజీద్ ఆ రైల్లోనే పెడన వెళ్ళేవాడు, అద్దకం గుడ్డలు ఉతకడానికి, అతని భార్య ఇమాంబీ అక్కడ పనిచేస్తుంది కాబట్టి. బందర్లో అతని చేత పరంజా కట్టించుకోవడానికి ఎవరూ ముందుకి రాలేదు. మొదట్లో కట్టాను, కట్టాను అనేవాడట. తరవాత కట్టాననే అనుకుంటున్నాను అనేవాడట. ఎండాకాలం వచ్చేసరికి, "ఏమో, కట్టలేదేమో, ఆ సాయంత్రం తాడు చాల్లేదని చిరాగ్గా ఉన్నా," అన్నాడని విన్నాను. నేను విని ఊరుకున్నాను. ఒక మనిషి తన చేతుల్నే నమ్మడం మానేస్తుంటే ఊరుకున్నాను. రంజాను పండగనాడు ఇమాంబీ మా ఇంటికి సేమ్యా పంపింది, గిన్నె మీద మూత, మూత మీద అద్దకం గుడ్డ. హన్నా మూత తీయకుండా, "మాకొద్దని చెప్పండి," అని వెనక్కి పంపేసింది. నా భార్య ప్రేమమ్మ, "పోనీలే హన్నా, పాపం," అంటే, "మీకు పాపమేమో అక్కా. నాకు కాదు," అంది. నేను పక్కగదిలో నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. ఎర్రసిరా కలం ఒక తప్పు దగ్గర ఆగి చుక్క పెద్దదవుతూ ఉంటే చూస్తూ కూర్చున్నాను. చెప్పకపోవడానికి నాకు కారణాలు ఉన్నాయి. హన్నా ఏమవుతుంది, ఈ ఇల్లు వదిలి ఎక్కడికి పోతుంది. సంఘం ఏమంటుంది. ఈ కారణాలన్నీ మంచి వాక్యాలు, ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంటాయి.

మేడ పని మొదలైనప్పుడు కాంట్రాక్టరు కాంతారావుగారు ఇంటికొచ్చారు. "మాస్టారూ, మీరు ఊ అంటే మజీద్‌ని పిలుస్తానండి. గుడివాడ నించి తెచ్చినవాడు కట్టింది చూశారుగా, అది పరంజా కాదు, పిచ్చుకగూడు. మీరు వద్దంటే సరే, ఆ పిచ్చుకగూట్లోనే గుడ్లు పెట్టుకుంటాం." పిలవండి, అన్నాను. అంతే అన్నాను. ఆ ఆదివారం పాస్టరు అయ్యగారు ప్రసంగంలో నా సంగతి ఎత్తారు. తన తమ్ముణ్ణి పోగొట్టినవాణ్ణి క్షమించినవాడు మన మధ్య ఉన్నాడు, అన్నారు. బల్లల మీద అందరూ తిరిగి నన్ను చూశారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. హన్నా మాత్రం తిరగలేదు, ఆమె వీపు నిటారుగా ఉంది. మర్నాడు మజీద్ మా ఇంటి మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "మీ రుణం ఈ జన్మలో తీరదు మాస్టారూ," అన్నాడు. నా పాదాలు అతనికి అందకుండా వెనక్కి తీసుకున్నాను. దాన్ని కూడా వినయం అనుకున్నాడు.

ఇప్పుడు అతను పనిచేసే తీరు వేరు. ముడి వేసిన ప్రతిసారీ పక్కన ఒకణ్ణి నిలబెట్టుకుంటాడు. "చూశావా? కట్టానా?" అంటాడు. వాడు, "కట్టావు మావా," అనాలి. అంటేగాని రెండో ముడికి పోడు. ఒక బాదుకి నాలుగు ముళ్ళు, నాలుగుసార్లు అడుగుతాడు. కూలీలకి అది తమాషా అయిపోయింది. మొన్న లాల్ అనేవాడు, సున్నం కలిపేవాడు, కింద నుంచి కేకేశాడు: "మావా, లుంగీ కట్టావా? ఎవరైనా చూశారా?" అందరూ నవ్వారు. మజీద్ కూడా నవ్వాడు. నవ్వుతూనే చెయ్యి నడుము దగ్గరికి పోయింది. లుంగీ ముడి తడిమి చూసుకున్నాడు. ఆ చెయ్యి పోవడం నేను తరగతి గది కిటికీలోంచి చూశాను. ఆ నిమిషాన బోర్డు మీద ఏం రాస్తున్నానో మరిచిపోయాను. పిల్లలు కాసేపు ఎదురుచూసి, సార్ మిగతాది, అన్నారు.

ఇవాళ నా నడుముకి తాడు కట్టినప్పుడు పక్కన ఎవరూ లేరు. ముడి బిగించాక అతని చేతులు ఆగిపోయాయి. వెనక నుంచి ఊపిరి వినిపించింది. "మాస్టారూ," అన్నాడు, "కట్టాను కదండీ?" నాకు కనపడదు, నా వీపు వెనక ముడి అది. కట్టావు మజీద్, అన్నాను. చూడకుండా, తాడు ముట్టుకోకుండా, అంత నమ్మకంగా అన్నాను. ఆ నమ్మకం ఎక్కడిదో నాకొక్కడికే తెలుసు. ఊళ్ళో ఆ చేతులు ఎప్పుడూ మరిచిపోలేదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అతనికి కూడా తెలియదు.

ఎండ పక్కకి తిరిగింది. కళ్ళు మూతపడుతున్నాయి. చెక్క అవతలి కొస కొంచెం దిగినట్టయింది, ఎవరో వచ్చి కూర్చున్నట్టు. గాలి అనుకున్నాను, కాని కళ్ళు తెరవలేదు. ఎవరు కూర్చున్నా తాడు ఉందా అని అడగాలనిపించింది. వాడి చెంప మీద జొన్న పుప్పొడి ఉండాలి. వాడు కాళ్ళు కిందకి జారవిడిచి ఊపుతూ ఉండాలి. ఆ రోజు మెట్టు మీద నువ్వు తడిమింది గుడ్డ కోసమేనా, అని అడిగాను. వాడు దూరంగా చూస్తున్నాడు. చిన్నప్పుడు కూడా అంతే, పాఠం అడిగితే చేను వైపు చూసేవాడు. కంకులు ఒకేసారి వంగి ఒకేసారి లేస్తున్నాయి. మంచె ముందుకి పోతోంది. పిట్టలు వాలుతున్నాయి, నేను తోలడం లేదు, తినిపోనీ అనుకుంటున్నాను. నాకు వాణ్ణి క్షమించమని అడగాలని లేదు. వాడు అడగకుండానే క్షమిస్తాడు, వాడి స్వభావం అది. అందుకే అది పనికిరాదు. చచ్చిపోయినవాళ్ళతో మాట్లాడటం నాకు సులువు, పద్నాలుగు నెలలుగా వాళ్ళతోనే మాట్లాడుతున్నాను. బతికున్నవాడు గేటు తీశాడు. చెప్పుల చప్పుడు. నిచ్చెన ఇసుకలో ఈడ్చిన చప్పుడు.

కళ్ళు తెరిచాను. చెక్క మీద నేనొక్కణ్ణే. నిచ్చెన కొసలు రెండూ అంచు పైకి వచ్చి ఆగాయి, అటూ ఇటూ కదిలించి చూస్తున్నాడు, ఒక తాడు చుట్టాడు. తరవాత తెల్లటోపీ, నెరిసిన గడ్డం, అత్తరు వాసన. "కునుకు పట్టిందాండీ? అందుకే కట్టిపోయింది," అన్నాడు. నా వెనక్కి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముడి మీద అతని వేళ్ళు పడ్డాయి. విప్పేశాక ఇద్దరం దిగుతాం, కింద లాల్ ఉంటాడు, కాంతారావుగారు వస్తారు.

"విప్పకు మజీద్. కాసేపు ఆగు."

"ఏమండీ?"

"చర్చి దగ్గర ఆ రోజు నిచ్చెనకి గుడ్డ ఉంది."

వేళ్ళు ఆగాయి.

"పొద్దున నేను వచ్చేసరికి ఉంది. దిష్టికి కట్టారనుకుని నేనే తీసేశాను. ఎవరికీ చెప్పలేదు. నువ్వు అడిగినప్పుడు కూడా చెప్పలేదు."

ఎదురుగా గోడ, బొగ్గు గీత. వెనక ఉన్న ముఖాన్ని నేను చూడలేను, చూసే హక్కు కూడా లేదనుకున్నాను. అతను పనిమాటలా అడిగాడు.

"ఎన్నో మెట్టుకండి?"

"మూడో మెట్టుకి."

"లోపల రాయి ఉందా?"

"ఉంది."

"ఎన్ని ముళ్ళు?"

"రెండు. విప్పితే రాలేదు. చాకుతో కోశాను."

"రాదండి," అన్నాడు. "అది రాదు." తరవాత చాలా నెమ్మదిగా, నాతో కాకుండా, "అయితే కట్టాను," అన్నాడు. మళ్ళీ ఒకసారి, ఈసారి ఉర్దూలో, అదే అయి ఉంటుంది. ఆపైన ఊపిరి ఒక్కటే వినిపించింది, బరువు దించుకున్నవాడిదో, ఎత్తుకున్నవాడిదో తెలియలేదు. పరంజా మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది. అది గాలి కాదు. అతను వణుకుతున్నాడు.

"పద్నాలుగు నెలలు మాస్టారూ," అన్నాడు.

నేను గోడ మీది బొగ్గు గీతనే చూస్తున్నాను.

"ఇమాంబీ అనేది. నువ్వు కట్టకుండా రావు, నీ సంగతి నాకు తెలవదా అని. దాన్ని తిట్టేవాణ్ణి. ఒకసారి కొట్టాను కూడా." వేళ్ళు ముడి మీదకి తిరిగొచ్చాయి. "హన్నమ్మకి తెలుసా?"

"లేదు. ఇవాళ సాయంత్రం చెబుతాను."

"సాయంత్రం దాకా ఎందుకండి? ఇంట్లోనే ఉంది కదా."

"అవును. ఇంట్లోనే ఉంది."

అతను ముడి విప్పాడు. తాడు నా ఒళ్ళోకి జారింది. లేవబోయాను, మోకాళ్ళు నిలవలేదు, చెక్క దడదడలాడింది. అతని చెయ్యి నా భుజాన్ని పట్టి కిందకి నొక్కింది, గట్టిగా, కొంచెం నొప్పి పుట్టేటంత గట్టిగా. "కూర్చోండి. కాళ్ళు వణుకుతుంటే దిగకూడదు. ఎవడైనా సరే." కూర్చున్నాను. అతను నాకు బారెడు దూరంలో బాదుకి ఆనుకుని నిలబడ్డాడు, ముఖం సర్వి తోటల వైపు. కింద లాల్ వచ్చి సున్నం తొట్టిలో నీళ్ళు పోసిన చప్పుడు, "మావా, నమాజు అయిందా, మాకోసం ఏమన్నా అడిగావా?" అని కేక.

ఎంతసేపటికో మజీద్ నా మోకాళ్ళ వైపు చూశాడు. "ఇంక పదండి," అని ముందు తను దిగాడు. నేను గోడ వైపు తిరిగి, నిచ్చెన రెండు పక్కలూ పట్టుకుని, కాలు కిందకి వేలాడదీశాను. అలా దిగేటప్పుడు కింద ఏముందో కనపడదు. మెట్టు ఉండాల్సిన చోట గాలి ఉంది. అక్కడే ఆగిపోయాను.

"ఎడమ కాలు ఇంకా దించండి," అంది కింద నుంచి గొంతు. అందులో దయ లేదు, కోపం లేదు. ఏ కూలీకైనా చెప్పే గొంతే. "ఆఁ. ఇప్పుడు చెయ్యి. ఒక చెయ్యి వదిల్తే రెండోది వదలకండి. కాలు దించండి."

దించాను. మెట్టు దొరికింది. మళ్ళీ దించాను.

"అయిపోయాయా మజీద్?"

"లేదండీ, ఇంకా ఉన్నాయి. నేను పట్టుకునే ఉన్నాను. దిగండి."